అంతరింద్రియములు, మెట్ట నీళ్ళు, నొప్పి మాత్రలు



మూత్రపిండములకు పాత నిబంధన హెబ్రీ భాషలో వాడబడిన మాట కెలాయోత్. ఈ ఒక్క మాటను మన తెలుగు బైబిలు తర్జుమా చేసిన పెద్దలు రెండు విధములుగా వ్రాసిరి. లేవీయకాండము 3వ అధ్యాయములో బలిపశువును గూర్చి చెప్పునప్పుడు మూత్రగ్రంథులు అనిరి. కీర్తనలు 26:2లోను 139:13లోను మనుష్యుని గూర్చి చెప్పునప్పుడు అంతరింద్రియములు అనిరి. మాట వేరైనందున మన విశ్వాసులలో చాలమంది అంతరింద్రియములనగా కంటికి కనబడని ఏదో ఆత్మసంబంధమైన సంగతి అని మాత్రమే తలంచుచున్నారు. హెబ్రీయుడు ఆ మాట వినినప్పుడు అతని మనస్సులో మెదలినవి నడుమునకు పైగా వీపు తట్టున ఉండు ఈ రెండు గుప్పెడు ముద్దలే.

వారు వాటికి అంత గౌరవమెందుకిచ్చిరో, పశువును కోసి భాగములు తీసినవారికి తెలియును. ప్రేగులన్నియు తీసిన తరువాత, వెన్నెముకకు ఇరుప్రక్కల, క్రొవ్వులో పొదిగియుండి, చిట్టచివర చేతికందునవి అవే. అందుచేత మనుష్యునిలో మిక్కిలి దాగియున్న తలంపులకు అవి గురుతైనవి. పదునారవ కీర్తన 7వ వచనములో రాత్రివేళ భక్తునికి బోధించునవి కూడ అవే.

అవి దాగియున్నవి గనుకనే వాటి బాధయు దాగియుండును. ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతపు గ్రామములలో మేము సమాధి కార్యక్రమములకు వెళ్ళినప్పుడు, ఏమి జబ్బమ్మా అని అడుగగా, "కిడ్నీలు పొయ్యాయంట అయ్యగారూ, పెద్దాసుపత్రికి పొయ్యేదాకా తెలవలా" అను మాట తరచుగా వినుచున్నాము. ఎందుకు తెలియలేదు? ముందుగా తెలిసికొనుటకు మార్గము లేదా? ఈ ప్రశ్నలకు జవాబు కావలెనంటే మూత్రపిండము చేయు పనిని కొంచెము నిదానముగా చూడవలెను.

ఒక్కొక్క మూత్రపిండము సుమారు 10 నుండి 12 సెంటీమీటర్ల పొడవు, 150 గ్రాముల బరువు ఉండును. ఆకారము చిక్కుడు గింజ వంటిది. కుడివైపుది కాలేజము క్రింద నుండుటచేత ఎడమదానికన్న కొంచెము దిగువగా నుండును. రెండును కలిపినను మన బరువులో నూటికి ఒక వంతు కూడ లేవు. అయినను గుండె నిమిషమునకు పంపు సుమారు 5 లీటర్ల రక్తములో ఇంచుమించు ఐదవ వంతు వీటికే పోవుచున్నది.

లోపల ఒక్కొక్కదానిలో దాదాపు పది లక్షల సూక్ష్మ వడపోత యంత్రములున్నవి. వీటిని నెఫ్రానులు అందురు. ఒక్కొక్క నెఫ్రానుకు తలవైపున సన్నని రక్తనాళముల ఉండ యొకటి, దాని నుండి మెలికలు తిరిగి పోవు గొట్టము ఒకటి ఉండును. రక్తము ఆ ఉండలోనికి ఒత్తిడితో వచ్చును. ఆ నాళముల గోడలు బహు సన్నని జల్లెడ వంటివి. నీరు, ఉప్పులు, చక్కెర, యూరియా వంటి చిన్నవి జల్లెడ గుండా గొట్టములోనికి జారును. రక్తకణములు, మాంసకృత్తులు పెద్దవి గనుక రక్తములోనే నిలుచును. గంజి వార్చునప్పుడు మూతకు ఇవతల మెతుకు నిలిచి, గంజి బయటికి పోయినట్లే.

అయితే గంజి వార్చుటతో పోలిక ఇక్కడితో ఆగిపోవును. ఏలయనగా ఈ విధముగా జారు నీరు దినమునకు సుమారు 180 లీటర్లు. ఒక బిందెకు 15 లీటర్లనుకొంటే పండ్రెండు బిందెలు. మన రక్తములోని ద్రవభాగము మూడు లీటర్లే గనుక, అదే ద్రవము దినమునకు అరువదిసార్లు వడపోయబడుచున్నదన్నమాట. పండ్రెండు బిందెలును మూత్రముగా పోయినచో అర్ధగంటలో మనుష్యుడు నేలకొరుగును. మనము దినమునకు విసర్జించునది ఇంచుమించు లీటరున్నర. తక్కిన నీరంతయు ఎక్కడికి పోయినది?

క్రిస్మసు ముందు మన ఇండ్లకు వెల్ల వేయు పని జ్ఞాపకము చేసికొనుడి. గృహిణి ఏమి చేయును? ఇంటిలో నిలువబడి పనికిమాలినవి ఏరుచు కూర్చుండదు. మంచము, పెట్టె, గిన్నెలు, గోనెసంచులు, పాత చెప్పులు సమస్తము ముందు వాకిట వేయించును. తరువాత వాకిట నిలువబడి, కావలసినవి ఒక్కొక్కటి లోపలికి తెప్పించును. సాయంకాలమునకు వాకిట మిగిలినది చెత్త. మూత్రపిండము చేయునది సరిగా ఇదే. చెత్తను వెదకి పట్టుకొనుట దాని పద్ధతి కాదు. చిన్నవాటినన్నిటిని ముందు బయట వేయును. తరువాత ఆ మెలికల గొట్టము తన పొడవునా కావలసినవాటిని మరల రక్తములోనికి చేర్చును. గొట్టము మొదటి భాగములోనే నీటిలోను ఉప్పులోను మూడింట రెండు వంతులు, చక్కెర అంతయు వెనుకకు వచ్చును. చివరి భాగములలో ఎంత నీరు ఉంచవలెను, ఎంత ఉప్పు పంపవలెను, రక్తములో పులుపు ఎంత యుండవలెను అను లెక్కలు తేలును. ఇట్లు నూటికి తొంబదితొమ్మిది పాళ్ళ నీరు ఇల్లు చేరును. వాకిట మిగిలినది మూత్రము.

దానిలో ముఖ్యముగా ఉండునది మాంసకృత్తులు అరిగినప్పుడు కాలేజము తయారుచేయు యూరియా, కండరముల నుండి వచ్చు క్రియాటినిన్, ఎక్కువైన ఉప్పులు, మందుల శేషములు. పచ్చని రంగు పాత రక్తకణములు విరిగినందున కలుగును. మూత్రము అక్కడ నుండి రెండు సన్నని నాళముల గుండా బొట్టుబొట్టుగా మూత్రాశయమునకు దిగును. అది 400 నుండి 500 మిల్లీలీటర్ల వరకు పట్టగలదు.

నీటి లెక్క చూచునది మెదడు క్రింద నుండు చిన్న గ్రంథి. మే నెలలో మర్రిపాడు వైపు పొలములో పనిచేయు కూలివాని ఒంటి నీరంతయు చెమటగా పోయినప్పుడు, ఆ గ్రంథి ఒక రసాయనమును రక్తములోనికి విడుచును. వెంటనే గొట్టముల చివరి భాగము నీటిని గట్టిగా పట్టుకొనును. మూత్రము కొద్దిగా, చిక్కగా, టీ డికాక్షను రంగులో వచ్చును. డిసెంబరు ముసురులో అదే మనిషికి తెల్లని మూత్రము పలుమారు వచ్చును. ఇక్కడ ఒక సులువైన పరీక్ష యున్నది. ఆరోగ్యవంతుని మూత్రము ఎండుగడ్డి కన్న లేత రంగులో నుండవలెను. ముదురు రంగులో నున్నచో నీరు చాలలేదని అర్థము.

వడపోత మాత్రమే కాదు, మూత్రపిండములు మరి మూడు పనులు కూడ చేయుచున్నవి. రక్తపు ఒత్తిడిని సరిచేయుట, ఎముకల మూలుగకు రక్తము తయారుచేయుమని కబురు పంపుట, ఎముకలకు కావలసిన డి విటమినును పనికివచ్చు రూపములోనికి మార్చుట. అందుచేతనే మూత్రపిండములు చెడినవారు పాలిపోయి, ఆయాసపడుచు, ఎముకల నొప్పులతో నుందురు. చాలసార్లు ఆ పాలిపోవుటను చూచి బలము టానిక్కులు త్రాగించుటతో నెలలు గడచిపోవును.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వత్తము. ఎందుకు ముందుగా తెలియదు? ఇరువది లక్షల నెఫ్రానులలో కొన్ని చచ్చినచో తక్కినవి వాటి పనిని కూడ మోయును. నలుగురు మోయవలసిన మంచమును ముగ్గురు, తరువాత ఇద్దరు మోసినట్లు. మోయుచున్నంత కాలము మంచము కదలుచునే యుండును, చూచువారికి తేడా కనబడదు. సగము పోయినను నొప్పి లేదు, మంట లేదు. రక్తములో క్రియాటినిన్ కూడ సగము పని పోవువరకు ఇంచుమించు మామూలు లెక్కలోనే యుండవచ్చును. చచ్చిన నెఫ్రాను మరల పుట్టదు. మిగిలినవి అధిక భారముచేత త్వరగా అలసిపోవును. పాదముల వాపు, ఉదయమున కన్నుల చుట్టు ఉబ్బు, వాంతి వచ్చినట్లుండుట, ఒంటి దురద, ఆయాసము, ఇవి కనబడునప్పటికి ఆలస్యమైయుండును.

ఈ ఇరువది లక్షలను చంపువాటిలో మొదటి స్థానము షుగరు వ్యాధిది, రెండవది బి.పి.ది. షుగరు సంగతి మన పెద్దలు మూత్రము పోసిన చోట చీమలు పట్టుట చూచి కనిపెట్టెడివారు. రక్తములో చక్కెర సుమారు 180 దాటినచో గొట్టములు దానిని పూర్తిగా వెనుకకు తేలేవు, మిగిలినది మూత్రములో పోవును. సంవత్సరముల తరబడి ఎక్కువ చక్కెర, ఎక్కువ ఒత్తిడి ఆ సన్నని జల్లెడను చింపివేయును. అప్పుడు పోకూడని మాంసకృత్తు జారిపోవుట మొదలగును. మూత్రములో పోని నురుగు దీని గురుతు కావచ్చును.

ఇవి అన్ని ఊళ్ళకు చెందిన సంగతులు. మన మెట్ట ప్రాంతమునకు ప్రత్యేకమైనది మరియొకటి కలదు. దానిని గూర్చి వ్రాయుటకే మేము ఈ వ్యాసమును తలపెట్టితిమి.

1937లో మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూటుకు చెందిన షార్ట్, పండిట్, రాఘవాచారి అను వైద్య పరిశోధకులు నెల్లూరు జిల్లాలో ఫ్లోరైడు వ్యాధిని గూర్చి ఒక నివేదిక ప్రకటించిరి. మన దేశములో మనుష్యులకు నీటి వలన కలుగు ఈ వ్యాధిని స్పష్టముగా వర్ణించిన తొలి నివేదికలలో అది యొకటి. ఆనాటి నెల్లూరు జిల్లా ఇప్పటి కన్న పెద్దది. 1970లో ప్రకాశము జిల్లా ఏర్పడినప్పుడు పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతములు విడిపోయినవి. కాని రాయి ఒక్కటే, నీరు ఒక్కటే. ఉదయగిరి, వరికుంటపాడు ప్రాంతపు గ్రామములలో పిల్లల పండ్లపై గోధుమరంగు చారలు, నడివయస్సు దాటినవారి వంగిన వెన్నులు నేటికిని ఆ నివేదికకు సాక్ష్యము చెప్పుచున్నవి. మన మెట్టలోని గట్టి రాతిలో ఫ్లోరైడు కలదు. బోరు ఎంత లోతుకు దిగి, నీరు ఎంత కాలము ఆ రాతిని అంటి యుండునో అంత ఎక్కువగా అది నీటిలో కరగవచ్చును. త్రాగు నీటిలో లీటరుకు ఒక మిల్లీగ్రాము మించకుండుట మంచిదనియు, 1.5 దాటకూడదనియు మన దేశపు ప్రమాణము.

దీనికి మూత్రపిండములకు ఏమి సంబంధము? ఒంటిలో ప్రవేశించిన ఫ్లోరైడును బయటికి పంపు ముఖ్యమైన ద్వారము మూత్రపిండమే. పెద్దవారిలో దాదాపు సగము మూత్రములో పోవును, తక్కిన దానిలో ఎక్కువ భాగము ఎముకలలో చేరును. మూత్రపిండము నెమ్మదించినచో ద్వారము మూసికొని ఎముకలలోనికి చేరునది పెరుగును. కీళ్ళు బిగియును, నొప్పులు హెచ్చును.

నొప్పి వచ్చినప్పుడు మనవారు ఏమి చేయుచున్నారో పాఠకులకు తెలియును. "మోకాళ్ళు లాగతా ఉండాయి అయ్యగారూ, సూదేయించుకుంటే గాని పొలానికి పోలేను" అని ఒక పెద్దమ్మ మాతో అనినది. ఆమె చీర కొంగులో ముడివేసికొనియున్న మాత్రలను చూచితిమి. పేరు వ్రాసిన అట్ట లేదు. అంగడిలో అడిగితే ఇచ్చిరట. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, ఎన్నేండ్ల నుండియో ఆమెకే లెక్క తెలియదు.

డైక్లోఫెనాక్, ఇబుప్రొఫెన్ మొదలగు నొప్పి మాత్రలు మూత్రపిండమును ఎట్లు బాధించునో చెప్పెదము. నెఫ్రాను తలలోని రక్తపు ఉండకు వచ్చు నాళమును ఒక కాలువ తూము అనుకొనుడి. ఒంటిలో నీరు తగ్గినప్పుడు, రక్తపు రాక సన్నగిల్లినప్పుడు, ఆ తూమును తెరచి యుంచుటకు శరీరము ఒక రసాయనమును తయారుచేయును. మోకాలిలో వాపును, నొప్పిని పుట్టించునది కూడ ఆ జాతి రసాయనమే. మాత్ర రెండింటికి తేడా ఎరుగదు. మోకాలిలో దానిని ఆపును, నొప్పి తగ్గును; మూత్రపిండములో దానిని ఆపును, తూము మూసికొనును. నీరు బాగుగా త్రాగి, నీడలో కూర్చున్న పడుచువాడు రెండు దినములు వేసికొన్నచో సాధారణముగా మరల తేరుకొనును. ఏప్రిల్ ఎండలో కలుపు తీయుచు, పొగాకు బ్యారన్ వేడిలో పనిచేయుచు, దాహమునకు రెండు గ్లాసులు కూడ త్రాగక, అరువదేండ్ల వయస్సులో, బి.పి. ఉండగా, దినమునకు రెండు వేసికొన్నవారి సంగతి వేరు.

చూచితిరా చక్రము ఎట్లు తిరుగుచున్నదో? నీటిలోని ఫ్లోరైడు ఎముకలలో నొప్పి కలిగించును. నొప్పికి మాత్ర. మాత్రవలన మూత్రపిండము చెడును. చెడిన మూత్రపిండము ఫ్లోరైడును పంపలేదు. అది మరల ఎముకలలో చేరి నొప్పి ఎక్కువగును. మరి రెండు మాత్రలు.

ఫ్లోరైడు నీరే మూత్రపిండములను చంపుచున్నదని మేము వ్రాయుట లేదు. శ్రీకాకుళము జిల్లా ఉద్దానములో, కవిటి, సోంపేట, ఇచ్ఛాపురము వైపు కొబ్బరి, జీడి తోటల ప్రాంతములో, షుగరు, బి.పి. లేనివారికి కూడ మూత్రపిండములు చెడుచున్నవి. నీరు, మన్ను, ఎండలో శ్రమ, మందులు అన్నిటిని పరిశోధకులు ఏండ్ల తరబడి పరీక్షించినను ఒకే కారణమని తేల్చలేకపోయిరి. 2023 డిసెంబరులో పలాసలో మూత్రపిండ వ్యాధుల పరిశోధన కేంద్రము, 200 పడకల ఆసుపత్రి ప్రారంభింపబడినవి. కారణము తేలువరకు చేతులు కట్టుకొని కూర్చుండనక్కరలేదు. మన చేతిలో నున్నవి ఉన్నవి.

మొదటిది నీరు. మరిగించినచో క్రిములు చచ్చును గాని ఫ్లోరైడు పోదు. నీరు ఆవిరియై మిగిలినది ఇంకను చిక్కనగును. ఈ సంగతి తెలియక చాల ఇండ్లలో కట్టెలు కాల్చుచున్నారు. నాగపూరు నీరి సంస్థవారు రూపొందించిన నల్లగొండ పద్ధతిలో పటిక, సున్నము కలిపి ఫ్లోరైడును అడుగునకు దింపవచ్చును, అయితే నీటిని పరీక్షించి పాళ్ళు నిర్ణయింపవలెను. చేతికి వచ్చినంత వేయుట పనికిరాదు. వడపోత యంత్రముల నుండి 20 లీటర్ల క్యాను తెచ్చుకొనువారు త్రాగుటకు ఆ నీరు వాడి, అన్నము, పప్పు మాత్రము బోరు నీటితోనే వండుచున్నారు. కుండలో ఉడికిన గింజ ఆ నీటినంతయు పీల్చుకొనును గదా! వంటకు కూడ మంచి నీరే వాడవలెను. పెన్నపై సోమశిల జలాశయము మన అనంతసాగరము మండలములోనే యున్నది, దాని సామర్థ్యము 78 టి.ఎం.సి.లు. నదినీటిలో ఫ్లోరైడు సాధారణముగా తక్కువ. కుళాయి ద్వారా అటువంటి నీరు వచ్చు ఊళ్ళలో, రుచి బాగుండలేదని మరల బోరు దగ్గరకు పోవద్దు. వాననీటిని ట్యాంకులో పట్టుకొనినను మేలే. పాలు, రాగి సంకటి, ఆకుకూరలు ఫ్లోరైడు ఒంటికి పట్టుటను కొంత తగ్గించును.

ఉప్పును గూర్చి ఎక్కువ వ్రాయనక్కరలేదు. దినమునకు మనిషికి 5 గ్రాములు, ఉదయగిరి చెక్క చెంచాలలో చిన్నదానితో ఒక చెంచా. ఊరగాయ, ఎండుచేప కూడ ఆ లెక్కలోనివే.

నొప్పికి మాత్ర బొత్తిగా వేసికొనకూడదని కాదు. పారాసెటమాల్ తగిన మోతాదులో మూత్రపిండములకు కొంత నయము. తక్కినవి డాక్టరు చూచి, క్రియాటినిన్ పరీక్ష చేయించి ఇచ్చినచో వేసికొనవలెను. ఊరిలో సూది వేయువారు కష్టకాలములో మనకు ఆదరువే, వారిని నిందించుట మా ఉద్దేశము కాదు. అయితే వేయుచున్న సూది పేరు అడిగి కాగితముపై వ్రాయించుకొనుట మన హక్కు. పసరు మందులు, పేరులేని పొడులు కూడ జాగ్రత్తగా చూడవలసినవే.

ఇక సంఘముగా మనము చూచుకొనవలసినవి రెండు మూడు సంగతులు కలవు. ఎండకాలములో మూడు దినముల సభలు పెట్టుదుము. పందిరికి, మైకునకు, భోజనములకు ఖర్చు చేయుదుము. స్త్రీలకు మరుగుదొడ్డి వసతి చివరకు జ్ఞాపకమునకు వచ్చును, కొన్నిచోట్ల రానే రాదు. అక్కచెల్లెండ్రు బయటికి పోవలసివచ్చునని ఉదయమునుండి నీరు త్రాగక కూర్చుందురు, వచ్చిన మూత్రమును బిగపట్టుదురు. నిలువయున్న మూత్రములో క్రిములు పెరుగును. మంట, జ్వరము కలుగును, పలుమారు వచ్చినచో అది మూత్రపిండములకెక్కును. గర్భిణీలకు మరింత అపాయము. నాలుగు కర్రలు, ఒక గోనెపట్ట, ఒక బకెట్టు నీరు, ఇవి లేని సభకు అనుమతి ఇవ్వకుండుట సంఘపెద్దల బాధ్యత అని మా అభిప్రాయము.

ఉపవాసమును గూర్చి వ్రాయుటకు కొంత వెనుకాడితిమి, కాని వ్రాయవలసినదే. శుక్రవారపు ఉపవాస ప్రార్థనలో నీటిని కూడ ముట్టనివారు మన మధ్య ఉన్నారు. మోషే నలుబది దినములు నీళ్ళు త్రాగలేదని నిర్గమకాండము 34:28 చూపించుదురు. అది సీనాయి కొండపై దేవుని సన్నిధిలో జరిగినది. షుగరు మాత్రలు వేసికొను అరువదేండ్ల తల్లి మే నెలలో చేయవలెనని దానిలో వ్రాయబడలేదు. బి.పి., షుగరు, మూత్రపిండముల వ్యాధి గలవారు తమ వైద్యునితో మాటలాడకుండ ఉపవాసముండకూడదు. ఆరోగ్యవంతులు సహితము నీరు త్రాగుచు ఉపవాసముండవచ్చును, దానివలన ప్రార్థన తగ్గదు.

అట్లే ప్రార్థన చేయించుకొంటిమి గనుక మాత్రలు మానివేసితిమి అను సాక్ష్యములు విని సంతోషించుట ప్రమాదము. బి.పి. మాత్ర మానినవారికి ఆ వారము ఏమియు కాదు, మూత్రపిండము నోరు విప్పదు గనుక. రెండేండ్లకు విప్పును. హిజ్కియా ప్రార్థన వినబడిన తరువాత కూడ యెషయా అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండుమీద కట్టించెనని 38:21లో చదువుచున్నాము. ప్రార్థన, ముద్ద రెండును ఒకే అధ్యాయములో నున్నవి.

పరీక్షలు చాల సులువు. నలువది దాటినవారు, షుగరు, బి.పి. గలవారు, ఇంటిలో ఎవరికైనను మూత్రపిండముల జబ్బు ఉన్నవారు, ఏండ్ల తరబడి నొప్పి మాత్రలు వాడినవారు సంవత్సరమునకు ఒకసారి మూడు చేయించుకొనవలెను: బి.పి. చూపించుకొనుట, మూత్రములో అల్బుమిన్ పరీక్ష, రక్తములో క్రియాటినిన్. క్రియాటినిన్ సాధారణముగా 0.6 నుండి 1.2 వరకు ఉండును. అది ఒక్కటే చూచి నెమ్మదిపడవద్దు. వయస్సును లెక్కకట్టి వడపోత ఎంత జరుగుచున్నదో డాక్టరు చెప్పగలరు. ఆ వడపోత నిమిషమునకు 15 మిల్లీలీటర్ల కన్న తగ్గినప్పుడు సాధారణముగా డయాలసిస్ మాట వచ్చును. ముందుగా పట్టుకొన్నచో బి.పి.ని, షుగరును అదుపులో నుంచి ఆ దినమును చాల ఏండ్లు వెనుకకు నెట్టవచ్చును.

డయాలసిస్ యంత్రమును తొలిసారి పనికివచ్చునట్లు చేసినవాడు హాలెండు దేశపు యువ వైద్యుడు విల్లెమ్ కోల్ఫ్. 1943లో జర్మను సైన్యము ఆ దేశమును ఆక్రమించియున్న దినములలో, కాంపెన్ అను చిన్న పట్టణపు ఆసుపత్రిలో, చెక్క పట్టీల పీపాకు సాసేజీ తొడుగుగా వాడు సెల్లొఫేన్ గొట్టమును చుట్టి, దానిని ఉప్పునీటిలో త్రిప్పుచు రోగి రక్తమును శుద్ధిచేసెను. మొదటి రోగులు బ్రతుకలేదు. 1945లో 67 ఏండ్ల స్త్రీ స్పృహలోనికి వచ్చి ఇంటికి వెళ్ళెను. 1954 డిసెంబరులో అమెరికాలోని బోస్టనులో కవల సహోదరులలో ఒకని మూత్రపిండమును మరియొకనికి అమర్చిరి. మన దేశములో జీవించియున్న దాత మూత్రపిండమును విజయవంతముగా అమర్చుట 1971లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో జరిగినది. ఐడా స్కడ్డరు 1900లో ఒక్క పడకతో మొదలుపెట్టిన స్థలము అది. ఇప్పుడు దాత దగ్గరి బంధువు కానిచో ప్రత్యేక కమిటీ అనుమతి కావలెను. డబ్బుకు మూత్రపిండము అమ్ముట, కొనుట 1994 చట్టము ప్రకారము నేరము. అప్పులలో నున్న మన కుటుంబములను వెదకివచ్చు దళారులుందురు, వారి మాట వినవద్దు.

డయాలసిస్ సాధారణముగా వారమునకు మూడుసార్లు, ప్రతిసారి నాలుగు గంటలు. ఉదయగిరి నుండి నెల్లూరు సుమారు 100 కిలోమీటర్లు. వారమునకు మూడు దినములు రోగితోకూడ మరియొకరి కూలి కూడ పోవును. ఆరోగ్యశ్రీ పథకము 2007లో మొదలైన నాటినుండి పేదవారికి చికిత్స ఖర్చులో ఆదరువు దొరుకుచున్నది. డయాలసిస్ చేయించుకొనువారికి రాష్ట్ర ప్రభుత్వము నెలకు 10,000 రూపాయల పింఛను ఇచ్చుచున్నది. కాగితములు వ్రాయలేని కుటుంబములకు సంఘములోని చదువుకొన్న యౌవనస్థులు గ్రామ సచివాలయమునకు వెంట వెళ్ళి సహాయము చేయవచ్చును. ప్రయాణములో తోడుగా వంతులు వేసికొన్నచో ఇంటివారికి కూలి దినములు మిగులును.

చివరగా పరామర్శను గూర్చి. రోగిని చూడబోవునప్పుడు కొబ్బరిబొండము, అరటిపండ్లు, బత్తాయిలు తీసికొని పోవుట మన అలవాటు. డయాలసిస్ రోగికి ఇవి అపాయము. వీటిలో పొటాషియము అను ఉప్పు మెండుగా కలదు. పాడైన మూత్రపిండము దానిని పంపలేదు, రక్తములో పెరిగి గుండెను హఠాత్తుగా ఆపవచ్చును. ఆపిలు ముక్కలు కొంచెము, అదియు వారి డాక్టరు ఒప్పుకొన్నచో తీసికొని పోవచ్చును. కూరగాయలను కోసి, నీటిలో ఉడికించి, ఆ నీరు పారబోసి వండవలెను. మనకు చెప్పిన 'నీరు బాగుగా త్రాగుడి' అను మాట వారికి చెప్పకూడదు. ముందుదినము ఎంత మూత్రము వచ్చినదో దానికి అరలీటరు కలిపి అంతే త్రాగుమని సాధారణముగా డాక్టర్లు చెప్పుదురు. టీ, మజ్జిగ, గంజి కూడ ఆ కొలతలోనివే. దాహమునకు ఒక చిన్న మంచుముక్క నోటిలో ఉంచుకొనవచ్చును.

రోగి చేతిలో మణికట్టు దగ్గర గాని మోచేతి దగ్గర గాని రెండు రక్తనాళములను కలిపి కుట్టియుందురు. డయాలసిస్ సూదులు అక్కడ వేయుదురు. ఆ చేతికి బి.పి. పట్టీ కట్టకూడదు, వేరే సూది వేయకూడదు, బిందె మోయకూడదు, దానిమీద తలపెట్టి పండుకొనకూడదు. చేయిపట్టుకొని ప్రార్థన చేయునప్పుడు రెండవ చేతిని పట్టుకొనుడి. ఈ చేతిమీద మెల్లగా అరచేయి ఆనించినచో, లోపల రక్తము పరుగెత్తుచు సన్నగా అదరుచున్నట్లు తెలియును. ఇంటివారు ప్రతి ఉదయము అట్లు చూడవలెను. ఆ అదురు తెలియకుండ పోయినచో, మరుసటి డయాలసిస్ దినము వరకు ఆగక, ఆ గంటలోనే బయలుదేరి పోవలెను.